మంచం మీద రుమాలు

మా బస్సుల్లో సీటు దొరకడానికి టికెట్ కన్నా తువ్వాల ముఖ్యం. బోధన్ స్టాండులోకి నిజామాబాద్ బస్సు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, నలుగురు దాని వెంట పరుగెత్తుతూ కిటికీల్లోంచి తువ్వాళ్లు విసురుతారు. అది ఏ సీటు మీద పడితే ఆ సీటు వాళ్లది. తలుపు దగ్గర వరుసలో నిలబడి మర్యాదగా ఎక్కిన మనిషికి బస్సు నిండా బట్టలు కూర్చుని కనిపిస్తాయి. ఒకసారి నేనొక తువ్వాలను పక్కకు జరిపి కూర్చున్నాను. దాని యజమాని వచ్చి నన్ను చూసిన చూపు, నేనాయన పొలం గట్టు జరిపినట్టుంది.

బోధన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతాను కాబట్టి, ఈ విషయం మీద ఉపన్యాసాలివ్వడం నాకు అలవాటు. సీటు మనిషి కోసం, బట్ట కోసం కాదని నా వాదన. తోటి ప్రయాణికులు శ్రద్ధగా విని, తల ఊపి, తువ్వాల విసురుతారు.

మా అక్కను రెంజల్ దగ్గరి ఊరికి ఇచ్చారు. బావ చెరకు రైతు. అంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చెరకు రైతు. ఆ గొట్టం పొగ మానేశాక కొన్నేళ్లు వరి వేశాడు, తర్వాత సోయా వేశాడు, కిందటేడు అందరితో తగువు పెట్టుకుని రెండెకరాల్లో పసుపుకు దిగుతానన్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. వేల్పూర్ వైపు దూరపు చుట్టమొకాయన తరతరాలుగా పసుపు పండిస్తాడు. బావ వాళ్లింట్లో రెండు రోజులుండి, విత్తనం శుద్ధి చేయడం నేర్చుకొచ్చాడు. డ్రమ్ములో నీళ్లు పోసి, పురుగుమందూ తెగులుమందూ కలిపి, పసుపు కొమ్ములను అందులో నానబెట్టి, తీసి, నీడలో ఆరబెట్టి నాటాలి. ఆ చుట్టం చేతులకు పొడుగాటి రబ్బరు తొడుగులు వేసుకున్నాడట. బావ అదీ చూశాడు. కాకపోతే అది పద్ధతిలో భాగమనుకోలేదు, ఆ మనిషి నాజూకుతనం అనుకున్నాడు.

మిరుగం కార్తె వచ్చి వారమైనా వాన జాడ లేదు. ఆ రోజు పొద్దున్నే బావ డ్రమ్ము ముందు కూర్చుని, మోచేతుల దాకా ముంచి కొమ్ములు కలిపాడు. చెమట పట్టినప్పుడల్లా తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, చేతులు తుడుచుకుని, మొహం తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. మా వైపు రుమాలంటే జేబులో పెట్టుకునేది కాదు. రెండు మూరల తెల్లబట్ట. ఎండలో తలపాగా, గట్టు మీద దిండు, సంతలో సంచి, పెళ్లిలో గౌరవం. బావను రుమాలు లేకుండా నేను చూసింది ఒకే ఒక్కసారి, వాళ్ల పెళ్లిలో. అప్పుడు దాని బదులు బాసింగం ఉంది.

పదకొండింటికి బావ వాంతి చేసుకుని గట్టు మీద పడిపోయాడు. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ, కళ్లు మసకలు. జూన్‌లో మా దగ్గర ఎవరు పడిపోయినా అది ఎండదెబ్బే. ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్దారు. చల్లగా ఉంటుందని ఆ రుమాలునే తడిపి తలకు చుట్టారు. ఆటోలో వేసుకుని బోధన్ సర్కారు దవాఖానకు తెచ్చేలోగా అక్క నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ మనిషి లెక్క లేడురా."

అక్క చిన్న విషయాలకు ఏడుస్తుంది, పెద్ద విషయాలకు ఏడవదు. ఆ గొంతులో ఏడుపు లేదు. నేను క్లాసు మధ్యలో వదిలేసి పోయాను.

బోధన్‌లో డాక్టరు బావ కనురెప్ప పైకెత్తి చూశాడు. కనుపాప ఆవగింజంత ఉంది. ఎండదెబ్బ అన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు. చేతికి సూది పెట్టి, మందెక్కించి, నిజామాబాద్‌కు ఫోన్ చేసి, 108లో ఎక్కించాడు. బండిలో ఉన్న టెక్నీషియన్ కుర్రాడు దారి పొడుగునా నాడి ఎంత, ఆక్సిజన్ ఎంత అని అవతలి వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. జానకంపేట దాటకముందే నిజామాబాద్‌లో ఎవరికో మా బావ గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. నాకు అప్పగించిన పని ఒక్కటే, నోటి చొంగ తుడవడం. చేతికందిన బట్టతో తుడిచాను. తుడిచి భుజాన వేసుకున్నాను. అది రుమాలు.

నిజామాబాద్ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో మంచాల కన్నా మనుషులు ఎక్కువ. ఒకాయన కుర్చీలో కూర్చునే సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. ఒకామె తన సీసా తనే ఎత్తి పట్టుకుంది, జెండా పట్టుకున్నట్టు. ఆ సందడిలో మాకోసం ఒక స్ట్రెచర్ ఖాళీగా ఎదురుచూస్తోంది. దాని పక్కన ఒక చిన్న డాక్టరమ్మ, ఒక నడివయసు నర్సు. డాక్టరమ్మ మాటలో గోదావరి జిల్లాల యాస ఉంది. తాతల నాడు కాలువ కింద భూములు కొనుక్కుని బోధన్ వైపు వచ్చి స్థిరపడిన వాళ్ల పిల్లట. నా దగ్గర చదివిన పిల్లల వయసే.

"ఎంత తాగారమ్మా?" అని అడిగింది అక్కను.

"నీళ్లు దాగిండు మేడం."

"పురుగుమందు ఎంత తాగారని అడుగుతున్నాను. దాచొద్దు. ప్రాణం మీదికొచ్చింది."

మా జిల్లాలో ఆ ప్రశ్న ఎందుకడుగుతారో అందరికీ తెలుసు. జవాబులో ఇంటివాళ్లు ఎందుకు అబద్ధం చెబుతారో కూడా తెలుసు. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"తాగలే మేడం. పసుపు పెట్టే దినాలు. మా ఆయనకు సచ్చే తీరిక యాడిది?"

డాక్టరమ్మ ఒక్క క్షణం అక్క మొహంలోకి చూసింది. తర్వాత బావ చేతులు తిప్పి చూసింది. మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

"తాగక్కర్లేదమ్మా. చర్మం గుండా కూడా వెళ్తుంది. సిస్టర్, బట్టలన్నీ తీసేయండి. సబ్బుతో కడగాలి."

రోజూ అబద్ధాలు వినే మనిషి ఒక నిజాన్ని అంత తొందరగా ఎలా గుర్తుపట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, కడుపునొప్పి అని సెలవడిగే పిల్లల్లో నిజమైన కడుపునొప్పిని నేనింతవరకూ పట్టుకోలేదు.

నర్సు కత్తెరతో చొక్కా కోసింది. నర్సూ ఆయమ్మా కలిసి బావను తల నుంచి కాళ్ల దాకా, గోళ్ల సందులతో సహా సబ్బుతో కడిగారు. తీసిన బట్టలను కవర్లో వేసి మూతి కట్టారు.

"ఇంకేమన్న ఉన్నయా ఆయనవి?" అని నర్సు నన్ను అడిగింది.

"లేవు" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. ధోతి బట్ట, చొక్కా బట్ట. రుమాలు బట్ట కింద లెక్క అని నాకు తోచలేదు. అది బావలో ఒక భాగం.

ఆ తర్వాత రెండు గంటలు నేను చూసింది చెప్పడానికి నాకు సరైన మాటలు లేవు, ఉన్నంతలో చెబుతాను. విరుగుడు మందొకటి ఇస్తారు. ఇచ్చి, ఛాతీ మీద గొట్టం పెట్టి వింటారు. లోపల ఇంకా గురగురమంటుంటే రెట్టింపు ఇస్తారు. మళ్లీ వింటారు. మళ్లీ రెట్టింపు. డాక్టరమ్మ కళ్లు మూసుకుని వినేది. ఆమె వేలు ఎత్తితే నర్సు చెయ్యి అప్పటికే సూది మీద ఉండేది. ఇద్దరి మధ్యా మాట లేదు. వెనకాల ఎవరో అరుస్తున్నారు, ఎవరో తోసుకొస్తున్నారు, సెక్యూరిటీ అతను ఎవరితోనో తగువాడుతున్నాడు. వాళ్లిద్దరూ మాత్రం, బావిలో పడ్డ మనిషిని తాడు తెగకుండా పైకి లాగేవాళ్లలా, కొంచెం లాగి, ఆగి, విని, మళ్లీ లాగారు. మూడింటికి బావ ఛాతీ పొడిగా పలికింది. కనుపాప తెరుచుకుంది. బావ నన్ను గుర్తుపట్టి మొహం చిట్లించాడు. బాగున్నప్పుడు కూడా నన్ను చూసి అట్లాగే చేస్తాడు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది.

దీన్ని అక్కడెవ్వరూ అద్భుతమనుకోలేదు. నర్సు కాగితంలో రాసుకోవడానికి నా పెన్ను అడిగింది. బావ ప్రాణం తిరిగొచ్చింది గానీ ఆ పెన్ను రాలేదు.

అక్కడి నుంచి లోపలి వార్డుకు మార్చారు. కరోనాకు ముందొకసారి మా నాయన కోసం ఇదే ఆసుపత్రికి వచ్చాను. అప్పుడు ఆక్సిజన్ సిలిండర్ వరండాలో దొర్లుకుంటూ వచ్చేది, ఆ చప్పుడు దగ్గరపడుతుంటే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ప్రతి మంచం వెనకా గోడలోనే గొట్టం ఉంది. తల దగ్గర తెర మీద పచ్చగీత పరుగెత్తుతోంది. మంచం కాళ్ల వైపు ఒక రంగుల కాగితం వేలాడుతోంది. నాడికి ఇన్ని మార్కులు, ఊపిరికి ఇన్ని మార్కులు. ఇందులో మార్కులు పెరగడం మంచిది కాదు. మొత్తం ఒక గీత దాటితే, ఎంత పెద్ద డాక్టరైనా, ఏం పనిలో ఉన్నా, నర్సు పిలిస్తే రావాలి. పరీక్షలు పెట్టి బతికే నాకు, మార్కులకు ఇంత విలువ ఉన్న చోటు చూడటం అదే మొదటిసారి.

అన్నీ ఉన్నాయి. మంచాలూ నర్సులూ తప్ప. మాతో పాటు వచ్చిన నర్సుదే ఆ సాయంత్రం దాకా ఆ వరుసంతా. కందకుర్తి వైపు మనిషి. పక్క మంచం మీది ముసలవ్వ గోదావరి అవతలి మహారాష్ట్ర నుంచి వచ్చింది, మరాఠీ తప్ప రాదు. నర్సు ఆమెను మరాఠీలో కసిరి, మరాఠీలోనే నవ్వించి, మాత్ర మింగించి, ఇటు తిరిగి తెలుగులో మా నాడి చూసేది.

నాలుగింటికి బావను ఎక్స్‌రేకు తీసుకుపోయారు. అక్క వెంట వెళ్లింది. నేను ఖాళీ మంచం దగ్గర మిగిలాను. తలుపు దగ్గర ఒకాయన వాళ్లమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, మా మంచం వంక, ఆగిన బస్సు వంక చూసినట్టు చూస్తున్నాడు.

"అన్నా, గీ మంచం ఖాళీనా?" అన్నాడు.

"కాదు. మా బావది."

"మనిషి లేడు గద?"

నా వాదనే. అక్షరం పొల్లుపోకుండా నా వాదనే, నాకే అప్పజెప్పాడు. నేను భుజం మీది రుమాలు తీసి దిండు మీద పరిచాను.

ఆయన దాన్ని చూశాడు. ఒప్పుకున్నాడు. కుర్చీని పక్కకు తోసుకుపోయాడు. ఇన్నేళ్లలో ఆ చట్టం ఎంత బలమైందో నాకప్పుడు తెలిసింది. కొంచెం గర్వంగా కూడా అనిపించిందని ఒప్పుకోవాలి. బావను తిరిగి తెచ్చినప్పుడు, దిండు రెక్సిన్ చెమటకు అతుక్కుంటుందని, రుమాలును నాలుగు మడతలు పెట్టి మెడ కింద నేనే సర్దాను. బావ కూడా హాయిగా నిట్టూర్చాడు. ఆయన వాసన ఆయనకు తగిలింది.

ఆరు కాకముందే మళ్లీ చెమట మొదలైంది. నాడి తగ్గింది. నోట్లో నురగ. నర్సు మార్కులు కూడింది, రెండోసారి కూడింది, పిలిచింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. మళ్లీ సూది, మళ్లీ వినడం, మళ్లీ రెట్టింపు. ఈసారి తాడు పైకి రావడం లేదు. పైకి లాగినంతా లోపల ఎవరో కిందికి గుంజుతున్నట్టుంది.

"వెనక్కెందుకు వెళ్తున్నాడు?" అని డాక్టరమ్మ తనలో తను అంది. నాకు ఎప్పటికీ గుర్తుండే మాట అది, ఎందుకంటే జవాబు నా చేతికి మూరెడు దూరంలో ఉంది.

అక్క నీళ్ల సీసా నింపడానికి కిందికి పోయింది. అదే సమయానికి డాక్టర్లు మారే వేళయింది. రాత్రికి ఉండే డాక్టరు వచ్చాడు. పోయేవాళ్లు వచ్చేవాళ్లకు రోగిని అప్పగించడానికి అక్కడొక పద్ధతి ఉంది. మంచం కాళ్ల దగ్గర నిలబడి పోయే డాక్టరు మొత్తం చెప్పాలి, వచ్చే డాక్టరు విన్నది తిరిగి అప్పజెప్పాలి, నర్సు పక్కన నిలబడి తప్పు పట్టాలి. మా దగ్గర అప్పగింతలంటే పెళ్లిలో ఏడుస్తూ చేసేవి. ఇక్కడ ఎవరూ ఏడవలేదు. ఇంటికి పోవలసిన మనిషి ఇంటికి పోకుండా, చెప్పిందే మళ్లీ వింటూ నిలబడింది.

"చర్మం ద్వారా విషం. బట్టలన్నీ తీసేశారు. ఒళ్లు కడిగారు" అని కొత్త డాక్టరు అప్పజెప్పాడు.

"ఆగుండ్రి సార్" అంది నర్సు. "బట్టలన్ని తీసినమా?"

అని వంగింది. దిండు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తొడుగు వేసుకున్న రెండు వేళ్లతో మెడ కింది నుంచి రుమాలు లాగింది. తెల్లబట్ట పచ్చగా ఉంది. అంతసేపూ నాకది పసుపు మరకగానే కనిపించింది.

"గిదెవలు పెట్టిర్రు?"

"నేనే."

"ఎందుకు?"

"మంచం పోతదని."

నర్సు రుమాలును కవర్లో వేసి మూతి బిగించింది.

"మంచం యాడికి పోదన్నా. మనుషులే పోతరు."

తర్వాత నాకు చెప్పారు, ఒక్క రుమాలుతోనే ఇదంతా కాదు, లోపలికి పోయిన విషం కూడా మళ్లీ తిరగబడుతుందని. అది డాక్టరమ్మ మంచితనం. నేను దాన్ని పూర్తిగా తీసుకోలేదు. బావ జుట్టంతా గొరిగి, తలను మళ్లీ మళ్లీ కడిగారు. నర్సు నన్ను కుళాయి దగ్గరికి తోసి, మోచేతుల దాకా, మెడ దాకా సబ్బు రుద్దించి, కంట్లో టార్చి కొట్టి చూసింది. నేను కూడా రోగినవుతానేమో అన్న విచారం ఆమె మొహంలో లేదు. ఇంకో మంచం ఎక్కడ తేవాలన్న విచారం మాత్రం ఉంది.

బావ ఊపిరి కండరాలు మెత్తబడ్డాయి. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపారు. మునుపైతే ఈ దశలో హైదరాబాద్ తీసుకుపొమ్మనేవారు, తీసుకుపోయిన వాళ్లందరూ హైదరాబాద్ చూసేవారు కాదు. ఇక్కడే ఒక మిషన్ ఖాళీ ఉంది. పొద్దున్నే ఖాళీ అయిందట. ఎలా ఖాళీ అయిందని నేను అడగలేదు.

ఆ మిషన్ ముందు ఆరు రోజులు కూర్చున్నాను. అది ఊదుతుంది, బావ ఛాతీ లేస్తుంది. ఆగుతుంది, దిగుతుంది. నేను గుడికి పోయినా గంట కొట్టి బయటికొచ్చే రకం. అక్కడ మాత్రం లేవబుద్ధి కాలేదు. నర్సు డ్యూటీకి రాగానే స్పృహలేని మనిషితో మాట్లాడేది. "పెద్దాయనా, ఎడమకు తిప్పుతున్న. పెద్దాయనా, గొంతు సాఫ్ జేస్తున్న, జర దగ్గొస్తది." జవాబు రాదని తెలిసి కూడా ప్రతిసారీ చెప్పేది. నా క్లాసులో జవాబు రానప్పుడు నేను చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది.

ఏడో రోజు గొట్టం తీశారు. బావ పెదాలు కదిలాయి. అక్కా నేనూ డాక్టరమ్మా ముగ్గురం వంగాం.

"ఇత్తనం... ఆరిందా?"

"ఆరింది" అంది అక్క. "నీ లెక్కనే ఆరింది. మాట్లాడకు ఇగ." అని పక్కకు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్ద విషయం దాటి చిన్న విషయాల్లోకి వచ్చామని నాకు అర్థమైంది.

ఇంటికి పొమ్మన్న రోజు కారు మాట్లాడతానన్నాను. బావ వద్దన్నాడు. నున్నటి గుండుతో, మెడలు నిలవని మనిషి, బస్సులోనే పోతానని పట్టుబట్టాడు. నర్సుకు దండం పెట్టబోతే, "తొడుగులు కొనుక్కో పెద్దాయనా, ముందు గది జెయ్యి" అని పక్క మంచం వైపు పోయింది. ఆమె జేబులో నా పెన్ను కనిపించింది. అడగలేదు.

నిజామాబాద్ బస్టాండులో బావను బెంచీ మీద కూర్చోబెట్టాం. బోధన్ బస్సు తిరిగింది. జనం పరుగెత్తారు. అక్క సంచిలోంచి కొత్త తువ్వాల తీసి నా చేతిలో పెట్టింది.

"ఉరుకు తమ్మీ! కిటికీలకెంచి ఎయ్యి. మీ బావ నిలవడలేడు."

నేను కిటికీ దాకా పోయాను. సీటు ఖాళీగా ఉంది, నా చేతిలో తువ్వాల ఉంది. చెయ్యి లేవలేదు. నా పక్కనుంచి ఎవరిదో బట్ట ఎగిరిపోయి ఆ సీట్లో కూర్చుంది.

"ఏమైందిరా నీకు?" అని అక్క వచ్చింది.

అప్పుడు చెప్పాను. ఎక్స్‌రేకు పోయిన సంగతి, కుర్చీలో ముసలామె సంగతి, దిండు మీద పరిచిన సంగతి, నాలుగు మడతలు పెట్టి మెడ కింద సర్దిన సంగతి. ఆరు రోజుల మిషన్ దేనివల్లనో. కండక్టర్ సీటీ ఊదాడు. అక్క నా చేతిలోంచి తువ్వాల తీసుకుంది. బెంచీ మీద గుండు తడుముకుంటూ కూర్చున్న మొగుణ్ణి చూసింది. నన్ను చూసింది.

"మన ఇంట్ల సదువుకున్నోనివి నువ్వొక్కనివే."